ఏడిపించినోళ్ల ఆట

కదిరి బస్సు మా షాపు ముందు ఆగదు. స్టాపు ఇంకొంచెం ముందుకు, బడి గోడ దగ్గర ఉంది. ఆ రోజు పొద్దున మాత్రం షాపు ముందే ఆగింది. నేను ఒక బోరు మోటారు విప్పదీసి కాలిపోయిన తీగ లాగుతున్నాను. డ్రైవరు ఇంజను ఆపకుండానే కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అన్నా, కండక్టరన్న పోయినాడు. తెల్లారుజామున. మట్టి చేసేది మధ్యాన్నం పైన. వస్తావా?"

చేతుల నిండా నల్ల మడ్డితోనే ఎక్కాను. స్టాపు కాని చోట బస్సు ఆపితే మామూలుగా లోపలినుంచి తిట్లు వినిపిస్తాయి. ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. ముందు సీట్లో ఒక ముసలమ్మ జరిగి చోటిచ్చి, "నీకూ ఆయప్పే టికెట్టు కొట్టినాడా?" అంది. కొట్టినాడన్నాను. అంతటితో మేమిద్దరం చుట్టాలమైపోయాం.

ఆయన నాకు బంధువు కాదు. ఈ రోడ్డు మీద ముప్పై ఏళ్లకు పైగా టికెట్లిచ్చి రిటైరైన మనిషి. సెలవు రోజుల్లో ఫుట్‌బాల్ రిఫరీ. మా పక్క ఈ ఆట ఎందుకింత నాటుకుందని బయటివాళ్లు అడుగుతుంటారు. నాకు తెలిసిన కారణం ఒకటే. అది నీళ్లు అడగదు. వేరుశనగ పని ముగిశాక మొదలై ఎండలు ముదిరేలోపు అయిపోయే ఊళ్ల లీగు మాది. లీగు ముగిశాక ప్రతి ఏడూ ఒక ఆట ఉంటుంది. అన్ని ఊళ్లలోంచి మంచి ఆటగాళ్లను ఏరి ఆడించే ఆట. పేపర్లవాళ్లు ఆల్‌స్టార్ మ్యాచ్ అని రాస్తారు. ఫ్లెక్సీల మీద ఇంకా పొడుగు పేరుంటుంది. మేం మాత్రం ఏడిపించినోళ్ల ఆట అంటాం. ఆ పేరూ, ఆ ఆటా కండక్టరన్నవే.

మొదటి ఏడు రోడ్డుకు తూర్పు ఊళ్లది ఒక జట్టు, పడమటి ఊళ్లది ఒక జట్టు అనుకున్నారు. ఎవరిని తీసుకోవాలన్న దగ్గర ఆగిపోయింది. ప్రతి ఊరి పెద్దమనిషీ తన ఊరివాడి పేరే చెప్పాడు. ఒకాయన తన ఊరి పేర్లన్నీ చెప్పేసి, ఇంకెవరూ గుర్తురాక, పెళ్లయి వచ్చిన అల్లుడి పేరు కూడా చేర్చాడు. అప్పుడు కండక్టరన్న లేచి నిలబడ్డాడట.

"సొంతూరోన్ని పొగుడుకునేదానికి ఇంత దూరం రావల్నా? ఇంట్లో కూర్చొని పొగుడుకోండి. నాకు ఒక్కటి చెప్పండి. ఈ యేడు మీ ఊరోళ్లను బాగా ఏడిపించినోడు ఎవడు? వాని పేరియ్యండి, చాలు."

అదే నియమమైంది. ఏ ఊరూ తన వాడి పేరు చెప్పకూడదు. తమను ఓడించినవాడి పేరు, తమ గోలు ఆపినవాడి పేరు, నోరు తెరిచి చెప్పాలి. ఒక్క ఊరు చెప్పకపోయినా ఆ ఏడు ఆట లేదు. ఈ చివరి మాట దగ్గర ఆయన చాలా మొండి. "ఓడిపోయినాక, ఎదుటోడు బాగా ఆడినాడు అని నోటితో అనాల. ఆ ఒక్క మాట కోసమే ఈ ఆట. మిగిలిందంతా ఉరుకులాటే" అనేవాడు.

పేర్లు అడగడానికి ఆయన ప్రత్యేకంగా ఎక్కడికీ పోలేదు. బస్సే అన్ని ఊళ్లకూ పోతుంది కదా. టికెట్టు చింపిస్తూ అడిగేవాడు. గొర్రెలు తోలుకునేవాణ్ణి, సంతకు టమోటా గంపలు తీసుకుపోయే ఆడవాళ్లను, బడికి పోయే పంతుళ్లను, అందరినీ. ఒకసారి నా పక్కన కూర్చున్న అవ్వను అడిగాడు.

"ఏమ్మా, ఈ యేడు మీ ఊరోళ్లను ఎవరు ఏడిపించినారు?"

"కరెంటోళ్లు."

"బంతాటలోమ్మా."

"బంతాటలోనా? ఆ పొడుగోడు లేడా, ఎర్రంగీ వాడు. మా మనవని కాళ్లల్లోంచి బంతి తీసుకొని పోతాండాడే గానీ, ఒక్కసారన్నా తిరిగి ఇచ్చినాడా? వాడు."

ఆ పొడుగువాడు ఆ ఏడు జట్టులో ఉన్నాడు. అవ్వ మాట పెద్దమనిషి మాటకన్నా తక్కువ కాదని ఆయన లెక్క.

మొదటి ఏడే ఒక చిక్కు వచ్చిపడింది. ఒక ఊరివాళ్లు బాగా ఆలోచించుకుని, "మమ్మల్ని ఏడిపించింది నువ్వే. ఆ పెనాల్టీ ఇచ్చింది ఎవరు?" అన్నారు. ఆయన కాసేపు చెవి వెనకాల పెన్సిలు తిప్పుకున్నాడు. నియమం నియమమే. ఖాకీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి తూర్పు జట్టులో దిగాడు. వేరే రిఫరీ లేడు కాబట్టి రిఫరీ కూడా ఆయనే. రెండో సగంలో ఒకణ్ణి పడదోసి, తన మీద తానే ఫౌలు ఊదుకుని, పడినవాణ్ణి లేపి, బంతి వాడి చేతికిచ్చి, తను గోడగా నిలబడ్డాడు. నాలుగు ఊళ్ల జనం నవ్వలేక కింద కూర్చున్నారు.

నేను మా ఊరి గోల్‌కీపరుని. పన్నెండేళ్లు ఆడాను. ఏ ఊరూ ఎప్పుడూ నా పేరు చెప్పలేదు. ఎవరినీ ఏడిపించిన పాపం నాకు లేదు. వచ్చినవాళ్లంతా సంతోషంగానే తిరిగిపోయారు. ఆయన బస్సులో నన్ను చూసినప్పుడల్లా, "ఏమప్పా, ఈ యేడన్నా ఎవర్నన్నా బాధపెట్టినావా?" అని అడిగి, నేను లేదంటే, "మంచి మనిషివి" అని టికెట్టిచ్చేవాడు.

ఆట మొదట్లో చాలా అసహ్యంగా ఉండేది. ఒక జట్టులో పదకొండు ఊళ్లవాళ్లుంటే ఎవడికీ ఎవడూ బంతి ఇవ్వడు. నిన్నటిదాకా కొట్టుకున్నవాళ్లు. మూడో ఏడు ఆయన ఇంకో నియమం పెట్టాడు. బంతి అందించినవాడిదీ, గోలు కొట్టినవాడిదీ ఒకే ఊరైతే ఆ గోలు చెల్లదు. ఒంటరిగా తీసుకుపోయి కొట్టినా చెల్లదు. ఆ ఏడు చెల్లని గోల్సే ఎక్కువ. ఆపైన మెల్లగా పక్క ఊరివాడి పేరు పెట్టి పిలవడం నేర్చుకున్నారు. కొన్నేళ్లకు ఆ నియమం ఎవరికీ గుర్తులేకుండా పోయింది. దాన్ని ఎత్తేసినట్టు ఎవరూ చెప్పలేదు, అవసరం తీరిపోయిందంతే.

ఆడేది ఎండిన చెరువులో. మా పక్క అంత చదునైన నేల ఇంకెక్కడా దొరకదు. ఒక ఏడు వానలు పడ్డాయి. చెరువు నిండింది. జనం గట్టు మీద కొబ్బరికాయలు కొట్టారు. ఆ జనంలో ముఖం వేలాడేసుకున్న మనిషి ఆయనొక్కడే. "వాన లేకుంటే ఆడేటోళ్లు పనులకు బెంగళూరు పోతారు. వానొస్తే ఆడే నేల పోతాది. నేనెట్ల చేయల్ల సామీ?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ వారమంతా బస్సు ఏ ఊళ్లో ఆగినా దిగి, అడుగులతో నేల కొలిచి, మళ్లీ ఎక్కాడు. డ్రైవరు హారను కొట్టీ కొట్టీ అలసిపోయాడు. చివరికి మార్కెట్ యార్డులో కాయలు ఆరబోసే సిమెంటు కళ్లం దొరికింది. పడినవాళ్లందరికీ మోకాళ్లు చెక్కుకుపోయాయి. కానీ ఆట జరిగింది.

తర్వాత తూర్పు పడమర పోయింది. అందరూ ఒకే జట్టుగా బయటివాళ్ల మీద ఆడాలన్నారు. మడకశిర పక్కనుంచి కన్నడం మాట్లాడే జట్టు ఒకటి వచ్చింది, గెలిచింది. ఆ పై ఏడు బెంగళూరు నుంచి ఒక క్లబ్బు వచ్చి ఇంకా పెద్దగా గెలిచింది. ఓడిపోయి కూర్చున్న మనవాళ్ల దగ్గరికి ఆయన పోయి, ఒక్కొక్కణ్ణీ అదే అడిగాడు, "మనల్ని బాగా ఏడిపించినోడు ఎవడప్పా?" అందరూ ఒకే మనిషిని చూపించారు, బెంగళూరు జట్టులో నడిమి మైదానంలో ఆడిన ఒక పొట్టివాణ్ణి. మనవాళ్ల కోసమని తెచ్చిన మల్లెపూల దండ తీసుకుపోయి వాడి మెడలో వేశాడు. వాడు అయోమయంగా చూశాడు. గెలిచినందుకు ఓడినవాళ్లు దండ వేసే ఊరు వాడికి అంతకుముందు తగిలి ఉండదు.

ఆడపిల్లల ఆట వచ్చింది కూడా బస్సులోంచే. ఒక ఏడు, మా ఊరికి పై ఊళ్లో ఎవరినడిగినా ఒకటే చెప్పారు. "మా మొగోళ్ల సంగతి ఇడిసిపెట్టు. మా పిల్లోళ్లను బడి మైదానంలో ఆ పక్కూరి తొమ్మిదో తరగతి పిల్ల ఏడిపిస్తాండాది. దాని పేరు రాసుకో." కండక్టరన్న రాసుకున్నాడు. లీగు కమిటీవాళ్లు ఇదేం లెక్క అన్నారు. "ఊరు చెప్పింది, నేను రాసుకున్న్యా. మీరు కావాలంటే బస్సెక్కి ఆ ఊరికి చెప్పండి, కాదని" అన్నాడు. ఎవరూ ఎక్కలేదు. ఆ ఏడు ఆ అమ్మాయి రెండో సగంలో ఆడింది. మరుసటి ఏడుకు అమ్మాయిలకు వేరే జట్టు, వేరే ఆట వచ్చాయి.

ఇప్పుడు లీగు మారిపోయింది. జట్లకు ఓనర్లున్నారు. ఒకాయనకు బోరు లారీలు, ఒకాయనకు కంకర మిషన్లు. ఆటగాళ్లకు నెల జీతాలు. చొక్కాల మీద విత్తనాల కంపెనీల పేర్లు. ఏడిపించినోళ్ల ఆట బుక్కరాయసముద్రం దగ్గర పచ్చ తివాచీ పరిచిన మైదానానికి మారింది. ఆయన దీనికేమీ బాధపడలేదు. "పిల్లోళ్ల మోకాళ్లు బాగుంటాయి" అన్నాడు. ఆయనకు నచ్చనిది ఒకటే, ఫోన్లో ఓట్లు. ఒక ఏడు అలాగే చేశారు. ఒక పెద్ద ఊరివాళ్లు తమ పదకొండు మందికీ, బయట కూర్చునేవాళ్లకీ, మంచినీళ్ల సీసాలు మోసే మనిషికి కూడా ఓట్లేసుకున్నారు. ఆ నీళ్లాయన జట్టులోకి రావడానికి కొంచెంలో తప్పింది.

దాంతో కమిటీ సెక్రటరీ ఒక ఒప్పందానికి వచ్చాడు. మంచి కుర్రవాడే. "సరే పెద్దాయనా, నీ పద్ధతే. కానీ అన్ని ఊళ్ల పేర్లూ శుక్రవారం లోపల రావల్ల. ఒక్కటి తగ్గినా ఇంక ఎప్పటికీ ఫోనే" అన్నాడు. అప్పటికే రిటైరైన కండక్టరన్న ప్రతి ఏడూ ఆ వారాల్లో టికెట్టు కొనుక్కుని పాత బస్సే ఎక్కేవాడు. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోడు. మెట్ల దగ్గరే నిలబడి, "ముందుకు జరగండప్పా" అని అలవాటుగా అనేవాడు. ఒక్క ఏడూ పేరు తగ్గలేదు.

ఈ ఏడు తగ్గింది. తగ్గింది మా ఊరిదే.

ఫైనల్ మాకూ కొత్తమిట్ట ఊరికీ జరిగింది. ఆట చివర్లో వాళ్ల డిఫెండరు ఓబులేసు అడ్డంగా జారి వచ్చాడు. మా ఫార్వర్డు దానియేలు కాలు విరిగింది. మేం ఓడిపోయాం. ఆ తర్వాత కర్రలు లేచాయి, రెండు ఊళ్లకూ మాటల్లేవు. దానియేలును చూడ్డానికి ఓబులేసు పండ్ల సంచితో వస్తే, మావాళ్లు ఊరి బయటే ఆపి వెనక్కి పంపారు. మమ్మల్ని ఏడిపించింది ఎవరంటే ఊళ్లో పసిపిల్లలు కూడా చెప్తారు. కానీ ఆ పేరు నోటితో చెప్పకూడదని ఊరంతా తీర్మానం చేసుకుంది. వేరే ఎవరి పేరు చెప్పినా అబద్ధమని అందరికీ తెలుసు. అందుకని ఏ పేరూ చెప్పలేదు.

ఆసుపత్రిలో ఆయన్ను చివరిసారి చూసింది పోయే ముందు వారమే. మనిషి చాపంత పలచబడ్డాడు. ఆయన భార్య, మా వదిన, ఫ్లాస్కులోంచి గంజి పోస్తోంది.

"అన్ని ఊర్లవీ వచ్చినాయి. మీ ఊరి పేరొక్కటే రాలే" అన్నాడు.

"ఎట్ల వస్తాదన్నా? వాని కాలు ఇంకా కట్టులోనే ఉండాది."

"అడిగినావా?"

"పెద్దోళ్లను అడిగినా. పలకలే."

"పెద్దోళ్లకేమన్నా కాలు విరిగిందా? ఎవనికి విరిగిందో వాన్ని అడిగినావా?"

నేను గోళ్ల కింద ఇరుక్కున్న మడ్డి గీక్కున్నాను.

"ఊరంతా వాని తరఫున కోపం చేసుకుంటాండాది. వానికి కోపముందో లేదో ఎవరన్నా చూసినారా? నేను బస్సెక్కలేను. నువ్వడుగు. నవ్వకుండా అడుగు. నువ్వు నవ్వుతా అడిగితే యాడన్నా నమ్ముతారా?"

వదిన, "గంజి తాగు ముందు" అంది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, "శుక్రవారం" అన్నాడు. నాతో అన్న చివరి మాట అదే. పెద్ద మాటలేవీ కాదు. ఒక వారం పేరు.

ఆ శుక్రవారానికి ముందు మంగళవారమే ఆయన పోయాడు.

మట్టికి లీగులోని ఊళ్లన్నీ వచ్చాయి. కొత్తమిట్టవాళ్లు ఒక పక్క, మావాళ్లు ఒక పక్క నిలబడ్డారు. సెక్రటరీ నా దగ్గరికి వచ్చి, "అన్నా, ఈ యేడు ఇంక ఫోన్లోనే పెడదాము. ఆయప్పే లేడు కదా" అన్నాడు. ఆ కుర్రవాడి కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి. "శుక్రవారం ఇంకా రాలేదప్పా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత గట్టిగా వచ్చిందంటే, చుట్టూ ఉన్నవాళ్లు నేను పోట్లాడుతున్నానేమో అనుకున్నారు.

మరుసటి రోజు షాపు తెరవకుండా దానియేలు ఇంటికి పోయాను. రేకుల కింద మంచం మీద కూర్చున్నాడు. కాలు గోనెసంచి మూట మీద పెట్టుకున్నాడు. వాళ్లమ్మ పక్కన కూర్చుని విత్తనపు కాయలు ఒలుస్తోంది. నేను వచ్చిన పని చెప్పాను. నవ్వలేదు.

వాళ్లమ్మ చేటను నేల మీద పెట్టింది. "ఆ పేరు నా ఇంట్లో ఎత్తొద్దు. నా కొడుకు కాలు ఇరగ్గొట్టినోనికి మేం పిలిచి పీట వేయల్నా?"

"నేను వానికి పీట వేయమనలేదక్కా. దానియేలును ఒక మాట అడిగేదానికి వచ్చినా."

"ఏమడుగుతావు? సూస్తాండావు కదా కాలు."

దానియేలు ఇంతసేపూ రేకుల్లోంచి పడుతున్న ఎండ చుక్కను చూస్తున్నాడు. "మామా, కండక్టరు తాత అడగమన్నాడా?" అన్నాడు.

"అవును."

"నన్నే అడగమన్నాడా?"

"నిన్నే."

దానియేలు వాళ్లమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, కాలు విరిగింది ఆట అయిపోయేటప్పుడు. దానికి ఆసుపత్రిలో ఒక రోజు ఏడ్చినా, నువ్వు చూసినావు. అంతకుముందు ఆటంతా వాడు నన్ను బంతి ముట్టనిచ్చినాడా? నేను యాడికి పోతే ఆడ ఉండాడు. కుడికి పోతే కుడికి, ఎడమకు పోతే ఎడమకు. నాకు జీతమిచ్చేది గోల్స్ కొట్టేదానికి. ఒక్కసారన్నా కొట్టేదానికి సందియ్యలే. నేను ఇప్పటికీ ఏడుస్తాండేది దానికమ్మా. కాలుకు కాదు."

ఆమె చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. రెండు కాయలు ఒలిచింది.

"పండ్లు తెచ్చినాడంట కదా ఆ రోజు" అన్నాడు దానియేలు. "పండ్లన్నా తీసుకొని పంపాల్సింది మీరు."

ఈ మాట ఊళ్లో పెద్దవాళ్లకు చెప్పడానికి నాకు గురువారమంతా పట్టింది. టీ హోటలు దగ్గర ఒకాయన, "పిల్లోనికి ఏం తెలుసు?" అన్నాడు. "ఏడ్చింది వాడు కదన్నా, ఎందుకు ఏడ్చినాడో వానికే తెలుసు" అన్నాను. ఇంకొకాయన లేచి పోయాడు. ఒకరిద్దరు తల వంచుకుని టీ తాగారు. ఔనని ఎవరూ అనలేదు. కాదని కూడా మళ్లీ అనలేదు. మా ఊళ్లో దాన్నే ఒప్పుకోవడం అంటాం.

శుక్రవారం పొద్దున కదిరి బస్సు బడి గోడ దగ్గర ఆగింది. నేను ఎక్కి చెబుదామని ముందే నిలబడి ఉన్నాను. దానియేలు వాళ్లమ్మ నన్ను పక్కకు జరిపి మెట్టు మీదికి ఎక్కింది. లోపల ముప్పై నలభై మంది ఉన్నారు. "మా ఊరోళ్లను ఏడిపించింది కొత్తమిట్ట ఓబులేసు" అని అందరికీ వినపడేటట్టు చెప్పింది. దిగబోతూ మళ్లీ వెనక్కి తిరిగి, "బాగా ఆడినాడు గాబట్టే చెప్తాండా. నాకు వాని మీద కోపం పోలేదు. అది కూడా చెప్పండి" అంది. డ్రైవరు చెప్తానన్నాడు. చెప్పాడు కూడా. మధ్యాహ్నానికి రెండు మాటలూ సెక్రటరీకీ, కొత్తమిట్టకూ చేరాయి.

ఆదివారం ఆట మొదలయ్యే ముందు సెక్రటరీ మౌనం పాటిద్దామన్నాడు. వదిన ఒప్పుకోలేదు. "ఆయప్ప బతికినన్ని దినాలు నోరు మూసుకున్నది లేదు. మీరేంటికి మూసుకునేది? అరవండి" అంది. అరిచాం. అందరికన్నా కొత్తమిట్టవాళ్లే ఎక్కువసేపు అరిచారు.

దానియేలును ఆటోలో తీసుకొచ్చి, గీతకు పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. ఇంకో కుర్చీ మీద కాలు. చేతిలో ఊతకర్ర. రెండో సగంలో బంతి గీత దాటి దొర్లుకుంటూ వచ్చింది. దానియేలు కర్ర చాపి దాన్ని ఆపాడు. బంతి విసరాల్సింది ఓబులేసు. పరుగెత్తుకుంటూ వచ్చి, ఎవరి దగ్గరుందో చూసి, నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు.

మైదానం సద్దు తగ్గింది. రిఫరీ గడియారం చూసుకుని, మళ్లీ చూడలేదు.

"ఇయ్యప్పా" అన్నాడు ఓబులేసు మెల్లగా.

దానియేలు ఇవ్వలేదు. బంతి కర్ర కింద అలాగే ఉంది. ఓబులేసు ఒక అడుగు కుడికి వేస్తే కర్ర కొనతో కుడికి జరిపాడు, ఎడమకు వేస్తే ఎడమకు. ఓబులేసు ఇక కదలకుండా, నడుము మీద చేతులు పెట్టుకుని, ఎండలో నిలబడి ఎదురుచూస్తున్నాడు. దానియేలుకు తొందరేమీ లేదు.